మొహమాటం, కుండబద్దలు, సన్నాయి నొక్కులు, తేల్చి చెప్పడం: ఏ మాటతీరు ఎక్కడ పనికొస్తుంది?

మా అమ్మ వంటింట్లో ఏదీ 'అయిపోయింది' అనదు, 'నిండుకుంది' అంటుంది. నాకు పెళ్ళయిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే మా ఆవిడతో "డబ్బాలో బియ్యం నిండుకున్నాయమ్మా" అని చెప్పి గుడికి వెళ్ళింది. మా ఆవిడ పుట్టి పెరిగింది నాగపూర్‌లో. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ ఈ 'నిండుకోవడం' ఆమెకు కొత్త. డబ్బా నిండా ఉన్నాయి కాబోలు, మంచిదే అనుకుని ఊరుకుంది. పన్నెండింటికి కుక్కర్ కడిగి డబ్బా మూత తీస్తే అడుగున నాలుగు గింజలు. ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ ఉప్మా తిన్నాం. ఇందులో తప్పెవరిది? లేదన్న మాట ఇంట్లో పలకకూడదన్నది అమ్మ పట్టింపు. పలికిన మాటకు ఉన్న అర్థమే తీసుకుంది మా ఆవిడ.

ఉప్మాతో సరిపోయింది కాబట్టి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. 1990 జనవరి 25 రాత్రి ఇలాంటి మెత్తటి మాటే న్యూయార్క్ ఆకాశంలో వినిపించింది. కొలంబియా రాజధాని బొగోటా నుంచి వస్తున్న అవియాంకా 52 విమానాన్ని, వాతావరణం బాగాలేదని దారిలో మూడు చోట్ల కలిపి గంటా పదిహేడు నిమిషాలు గాల్లోనే తిప్పారు. ఇంధనం అడుగంటుతోంది. కో-పైలట్ కంట్రోలర్లతో తమకు 'ప్రయారిటీ' కావాలన్నాడు. మొదటిసారి దిగడం కుదరక విమానం మళ్ళీ పైకి లేచాక, ఎంత ఎత్తుకు వెళ్ళాలో వాళ్ళు చెప్పినదాన్ని తిరిగి అప్పజెబుతూ, ఆ వాక్యం తోకకు ఇంధనం అయిపోతోందన్న ముక్క తగిలించాడు. 'ఎమర్జెన్సీ' అన్న మాట మాత్రం అనలేదు. ఆ ఒక్క మాటకే అక్కడ దారులన్నీ ఖాళీ చేస్తారు. కాసేపటికి ఇంజన్లు ఆగిపోయి, విమానం లాంగ్ ఐలాండ్‌లో కోవ్ నెక్ అనే ఊరి దగ్గర కొండవాలు మీద పడింది. 158 మందిలో 73 మంది పోయారు.

ఉప్మాకీ కోవ్ నెక్‌కీ మధ్యే మన రోజువారీ మాటలన్నీ ఉంటాయి. ఏ మాటతీరు మంచిదని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: ఈ మాట అవతలివాళ్ళకు అందకపోతే ఏం పోతుంది? పోయేది ఒక పూట అన్నమైతే మెత్తగా చెప్పినా నడుస్తుంది. ప్రాణమో, ఇల్లో, ఉద్యోగమో అయితే నడవదు.

ఆఫీసుల్లో ట్రైనింగ్ పెట్టినప్పుడు మాటతీరును నాలుగు రకాలుగా చెబుతారు: పాసివ్, అగ్రెసివ్, పాసివ్-అగ్రెసివ్, అసర్టివ్. స్లైడ్ మీద కొత్తగా కనిపిస్తాయి గానీ మొదటి మూడూ మనకు తరతరాలుగా తెలిసినవే. మొహమాటం, కుండ బద్దలుకొట్టడం, సన్నాయి నొక్కులు. నాలుగోదానికి మాత్రం తెలుగులో నాకు ఒక్క మాటలో పేరు దొరకలేదు. 'నిదానంగా తేల్చి చెప్పడం' అని మూడు మాటలు వాడుకుంటున్నాను. పేరే లేనిది అలవాటు ఎలా అవుతుందన్న అనుమానం నాకుంది, అది వేరే సంగతి.

ఒక మాట ముందే చెప్పాలి. మాటతీరు బ్లడ్ గ్రూప్ కాదు. ఆఫీసులో 'సార్ సార్' అంటూ నసిగేవాడే ఇంటికొచ్చి పెళ్ళాం పిల్లల మీద అరుస్తాడు. అత్తగారి ముందు నోరు మెదపని కోడలే కూరగాయల బండి దగ్గర గట్టిగా బేరమాడుతుంది. కాబట్టి 'నేను పాసివ్ టైప్ అండీ' అని ముద్ర వేసుకోవడం దండగ. ఎవరి దగ్గర ఏ తీరులోకి జారిపోతున్నామో గమనించుకుంటే మాత్రం ఉపయోగం ఉంటుంది.

మొహమాటం

ముందు దీని తరఫున మాట్లాడతాను, ఎందుకంటే ఈ రోజుల్లో అందరూ దీన్ని తిట్టేవాళ్ళే.

పెళ్ళిచూపులు అయ్యాక అబ్బాయి తరఫువాళ్ళకు సంబంధం నచ్చలేదనుకోండి. 'మీ అమ్మాయి మావాడికి నచ్చలేదు' అని ఎవరూ అనరు. రెండు రోజులు ఆగి మధ్యవర్తితో 'జాతకాలు కలవలేదండీ' అనిపిస్తారు. జాతకాలు ఎవరూ చూడలేదని రెండు వైపులా తెలుసు. అయినా ఆ మాట పని చేస్తుంది. కబురు అందింది, అమ్మాయి పరువు నిలబడింది, రేపు ఏ పెళ్ళిలోనో ఎదురుపడితే రెండు కుటుంబాలూ పలకరించుకోగలవు. ఇంతకంటే నిజాయితీగా చెబితే ఎవరికి లాభం? ఎవరికీ లేదు. అర్థం సగం మాటలోనూ మిగతా సగం సందర్భంలోనూ ఉండే ఇలాంటి పద్ధతిని గురించి అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో వివరంగా రాశాడు. మాటల్లోనే అంతా విప్పి చెప్పే సమాజాలు కొన్ని, సందర్భానికి వదిలేసేవి కొన్ని అన్నాడు. మనం రెండో జాబితాలో వస్తాం. అదొక లోపం కాదు, ఇద్దరికీ ఆ భాష తెలిసినంతకాలం.

చిక్కు ఎక్కడొస్తుందంటే అవతలివాడు అవసరంలో ఉన్నప్పుడు. మా బాబాయిని ఆయన తోటి ఉద్యోగి ఒకాయన లోన్‌కు హామీ సంతకం పెట్టమని అడిగాడు. బాబాయికి ఇష్టం లేదు. "చూద్దాంలే" అన్నాడు. బాబాయి దృష్టిలో అది 'వద్దు'. కానీ అవసరంలో ఉన్నవాడి చెవికి 'చూద్దాం' ఎప్పుడూ 'సరే' లాగే వినిపిస్తుంది. మర్నాడు ఆయన కాగితాలు పట్టుకుని స్వీట్ బాక్సుతో ఇంటికి వచ్చేశాడు. ఇంటికొచ్చి కూర్చున్న మనిషిని కాదనలేక బాబాయి సంతకం పెట్టాడు. ఆ తర్వాత అయిదేళ్ళు ఆ కిస్తీలు కట్టింది ఆయనే. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, ఇక్కడ రాయడానికి బాగోదు గానీ మీకందరికీ తెలుసు.

హామీ సంతకం సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా తెలుసుకోండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు వాడి వెంటపడి, అక్కడ రాకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం కూడా లేదు. 'చూద్దాంలే'కు ఇంత ఖరీదు ఉంటుంది.

ఇంకో చోటు డాక్టర్ గది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు రాత్రంతా మూలిగి, డాక్టర్ "ఎలా ఉంది పెద్దాయనా?" అనగానే "పర్లేదండీ, బాగానే ఉంది" అంటారు. బయటికొచ్చి ఆటో ఎక్కాక మళ్ళీ మూలుగుతారు. డాక్టర్‌ని ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాద అది. మోకాలి నొప్పికైతే మళ్ళీ వెళ్ళొచ్చు. "గుండెల్లో కాస్త బరువుగా ఉందండీ, గ్యాసే అనుకుంటా" అన్నప్పుడు మాత్రం అసలు ప్రమాదం ఆ చివరి రెండు మాటల్లో ఉంది. ఆ కో-పైలట్ చేసింది కూడా ఇదే. పెద్ద విషయాన్ని చిన్న మాటలో చుట్టి వాక్యం చివర పెట్టాడు. మీ నాన్నగారిని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఎప్పటినుంచి, ఎంతసేపు, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఈ మూడూ ఒక చీటీ మీద రాసుకెళ్ళి డాక్టర్ చేతికివ్వండి. 108కు ఫోన్ చేసినప్పుడు 'కొంచెం ఇబ్బందిగా ఉందండీ' అని మొదలుపెట్టకండి. ఏమైందో, ఎక్కడున్నారో ముందు చెప్పండి. మర్యాదలు తర్వాత చేసుకోవచ్చు.

కుండబద్దలు

దీని బలం వేగం. నూనె అంటుకున్నప్పుడు "స్టవ్ ఆపు!" అనాలి, అక్కడ 'అండీ'లకు టైమ్ లేదు. ముక్కుసూటిగా మాట్లాడేవాళ్ళతో ఇంకో సుఖం కూడా ఉంది. వాళ్ళ మనసులో ఏముందో అని రాత్రిళ్ళు ఆలోచించక్కర్లేదు. నేను పనిచేసిన మేనేజర్లలో నాకు పని నేర్పింది ఇలాంటాయనే. నా కోడ్ చూసి "ఇది చెత్త, మళ్ళీ రాయి" అనేవాడు. బాధపడేవాణ్ణి, కానీ ఏం రాయాలో తెలిసేది. చిరునవ్వుతో "గుడ్ జాబ్" అని చెప్పి, అప్రైజల్‌లో తక్కువ రేటింగ్ వేసినాయన దగ్గర నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

దీని బలహీనత చాలామంది అనుకున్నట్టు అవతలివాళ్ళు నొచ్చుకోవడం కాదు, అవతలివాళ్ళు చెప్పడం మానేయడం. ఇంట్లో మార్కుల సంగతి అందరికంటే చివర తెలిసేది అరిచే నాన్నకే. ముందు అమ్మకు, తర్వాత తాతయ్యకు, ఆఖరికి ట్యూషన్ మాస్టారికి కూడా తెలుస్తుంది.

1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫె విమానాశ్రయంలో పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. వాటిలో ఒకటి, డచ్ సంస్థ కేఎల్ఎమ్ విమానం, అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టింది. ఆ క్షణంలో కాక్‌పిట్‌లో ఉన్న ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. రెండోదైన పాన్ అమెరికన్ విమానం ఇంకా రన్‌వే మీంచి తప్పుకోలేదేమో అని ప్రశ్నలాగా అడిగాడు. కెప్టెన్ 'తప్పుకుంది' అన్న అర్థం వచ్చేలా గట్టిగా జవాబిచ్చాడు. ఆ జవాబు తర్వాత ఇంజనీరు మళ్ళీ అడగలేదు. ఆ కెప్టెన్ మామూలు పైలట్ కాదు, ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. ఆయన తిట్టలేదు, అరవలేదు. అంత నమ్మకంగా చెప్పిన పెద్దాయన్ని మళ్ళీ అడగడానికి చిన్నవాడికి నోరు రాలేదు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే, 1979లో నాసా పెట్టిన ఒక సమావేశం నుంచి మొదలై, కాక్‌పిట్‌లో ఎలా మాట్లాడుకోవాలో నేర్పడం పైలట్ల చదువులో భాగమైంది. చిన్నవాళ్ళకు గట్టిగా చెప్పడం, పెద్దవాళ్ళకు వినడం.

చిన్న పక్కమాట. కోస్తా నుంచి హైదరాబాద్ వచ్చిన కొత్తలో నాకు తెలంగాణ మాట దురుసుగా అనిపించేది. రాయలసీమ రూమ్మేట్ మాట కూడా అంతే. పెద్దవాళ్ళను 'నువ్వు' అంటారేమిటి అనుకునేవాణ్ణి. తర్వాత అర్థమైంది, అక్కడ చాలా ఇళ్ళలో 'నువ్వు' అంటే దగ్గరితనం, 'మీరు' అంటే దూరం. మా ఇంట్లో మాత్రం? అమ్మను 'నువ్వు' అనేవాణ్ణి, నాన్నను 'మీరు' అనేవాణ్ణి. ఎవరితో చనువుందో ఆ మాటలే చెబుతాయి. కాబట్టి యాస చూసి ఎవరినీ అగ్రెసివ్ అనకండి. ఏం అన్నారో చూడండి, క్రియ చివర ఏముందో కాదు.

సన్నాయి నొక్కులు

"మా ఇంటికెందుకొస్తారులే వదినా, పెద్దవాళ్ళయిపోయారు." ఈ వాక్యంలో తప్పుపట్టడానికి ఒక్క మాట లేదు. కానీ విన్నవాళ్ళకు రెండు రోజులు అన్నం సయించదు. పాసివ్-అగ్రెసివ్ అన్న పేరు వ్యాప్తిలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం చివర్లో. 1945లో అమెరికా సైన్యంలో మానసిక వైద్యుడైన విలియం మెనింజర్, ఆజ్ఞను ఎదిరించకుండానే నత్తనడకన, మొండిగా, పనికిరాకుండా చేసి కసి తీర్చుకునే సైనికుల గురించి రాశాడు. మెనింజర్ మన ఉమ్మడి కుటుంబాలు చూసి ఉంటే సైన్యం దాకా వెళ్ళక్కర్లేకపోయేది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదేగా.

దీనికీ ఒక న్యాయం ఉంది. ఎదురుచెప్పే హక్కు లేనివాళ్ళ ఆయుధం ఇది. నోరెత్తితే పుట్టింటికి పంపిస్తామనే ఇంట్లో కోడలు గిన్నె గట్టిగా పెట్టడం తప్ప ఏం చేస్తుంది? సెలవు అడిగితే ముఖం మాడ్చే ఆఫీసర్ దగ్గర గుమస్తా ఫైలు నెమ్మదిగా కదపడం తప్ప ఏం చేస్తాడు? మీ కింద పనిచేసేవాళ్ళంతా ఈ తీరులో మాట్లాడుతున్నారంటే లోపం వాళ్ళలో వెతక్కండి. నేరుగా చెప్పిన చివరి మనిషికి ఏం జరిగిందో గుర్తు చేసుకోండి.

స్నేహితుల మధ్య గోదావరి ఎటకారం వేరు, అది సరదా, 'ఆయ్' అంటూ సాగుతుంది. అవసరం తీరడానికి మాత్రం ఈ దారి పనికిరాదు. అవతలివాళ్ళు అర్థం కానట్టు నటిస్తే మీ దగ్గర ఇంకేం మిగలదు. మీకే ఎవరైనా ఇలా అంటే, దెప్పిన భాగాన్ని వదిలేసి మాటకే జవాబివ్వండి: "ఆదివారం వస్తాం వదినా, మధ్యాహ్నం భోజనానికి." చాలాసార్లు ఆవిడ అడగాలనుకున్నదీ అదే.

నిదానంగా తేల్చి చెప్పడం

దీన్ని ఒక పద్ధతిగా నేర్పడం మనస్తత్వ వైద్యుల దగ్గర మొదలైంది. 1949లో ఆండ్రూ సాల్టర్, ఆ తర్వాత జోసెఫ్ వోల్పే, భయంతో నోరు పెగలని రోగులకు దీన్ని చికిత్సగా వాడారు. మేనేజ్‌మెంట్ ట్రైనింగులు తర్వాతి సంగతి. అంటే ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు, సాధన చేస్తే వచ్చేది.

మొహమాటపడే మనవాళ్ళలో ఒక పొరపాటు చూస్తుంటాను. మర్యాదగా ఉండాలంటే మాట మసకగా ఉండాలనుకుంటారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. నాలుగు వాక్యాలు చూడండి. "వీలైతే కాస్త ఆ ఫైలు సంగతి చూస్తారా": మర్యాద ఉంది, స్పష్టత లేదు. "రేపు అయిదింటికల్లా ఫైలు నా టేబుల్ మీద ఉండాలి": స్పష్టత ఉంది, మర్యాద లేదు. "ఇక్కడ ఫైళ్ళ గురించి ఎవడికైనా పడుతుందా అసలు": రెండూ లేవు, పైగా ఎవరికి చెప్పాడో కూడా తెలీదు. "రేపు అయిదింటికల్లా ఫైలు పంపండి, ఆరింటికి మీటింగ్ ఉంది": రెండూ ఉన్నాయి.

నాలుగో వాక్యం తెలుగులో ఎంత తేలిగ్గా వచ్చిందో గమనించారా? మన మర్యాద క్రియ చివరే ఉంది. 'పంపండి' అనగానే గౌరవం ఇచ్చేసినట్టే. ఇక 'వీలైతే', 'కాస్త', 'ఏమనుకోకపోతే', 'ఊరికే అడుగుతున్నా' అని పొరలు వేయక్కర్లేదు. 'అండీ' ఉంచండి, 'వీలైతే' తీసేయండి. నా జీవితంలో నేను చేసుకున్న మార్పుల్లో చాలావరకు ఇంతే.

దీని అసలు పరీక్ష కాదని చెప్పాల్సినప్పుడు. 1975లో మాన్యుయెల్ స్మిత్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ దీనికి 'బ్రోకెన్ రికార్డ్' అని ఒక పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. మన భాషలో అరిగిపోయిన రికార్డు. గొంతు పెంచకుండా అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పడం. బావమరిదితో ఇలా ఉంటుంది:

"బావా, కాలేజీ ఫీజుకు యాభై వేలు సర్దుతావా, రెండు నెలల్లో ఇచ్చేస్తాను."

"డబ్బు సర్దలేనురా."

"అంత లేకపోతే ముప్పై అయినా…"

"సర్దలేనురా. ఫీజు గడువు ఎప్పటిదాకా ఉంది? కాలేజీలో వాయిదాలు అడుగుదాం, నేనూ వస్తాను."

"అక్కని అడిగితే కాదనదు తెలుసా."

"మీ అక్కా నేనూ అనుకున్న మాటే ఇది. రేపు కాలేజీకి వెళ్దామా?"

ఇందులో కారణం ఎక్కడా చెప్పలేదు, చూశారా. 'ఈ నెల ఈఎంఐ ఉందిరా' అంటే 'అయితే వచ్చే నెల ఇవ్వు' అంటాడు. 'ఎఫ్‌డీలో ఉన్నాయి' అంటే 'దాని మీద లోన్ ఇస్తారు బావా' అంటాడు. చెప్పిన ప్రతి కారణం అవతలివాడు పట్టుకుని ఎక్కడానికి ఒక మెట్టు. కానీ ఒట్టి 'కాదు' దగ్గర ఆగిపోతే చుట్టరికం చెడుతుంది. అందుకే మనవల్ల అయ్యే సాయం ఏదో పక్కనే పెట్టాలి, అదీ మనసుండి చేసేదే అయి ఉండాలి.

లోపాలు దీనికీ ఉన్నాయి. మొదటిది, నేర్చుకున్న వాక్యాలు నేర్చుకున్నట్టే వినిపిస్తాయి. 'నువ్వు అలా అన్నప్పుడు నాకు బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే నాకు గౌరవం అవసరం' అని ట్రైనింగ్‌లో నేర్పుతారు. ఏ తెలుగు ఇంట్లో మొగుడూ పెళ్ళాలు ఇలా మాట్లాడుకుంటారు? అదే సంగతి మా ఆవిడ నాతో ఒకసారి "నలుగురిలో అనకండి, ఇంటికొచ్చాక అనండి" అని నాలుగు మాటల్లో చెప్పింది. ఏం జరిగింది, ఏం కావాలి, ఎప్పుడు, అన్నీ వచ్చేశాయి.

రెండోది పెద్దది. ఈ తీరు రెండు వైపులా కాస్తయినా సమానంగా ఉన్నప్పుడే పని చేస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్న కుర్రాడు పగబట్టే బాస్‌కు 'నేను ఆదివారం రాను సార్' అని తేల్చి చెబితే చప్పట్లు కొట్టేది సోషల్ మీడియానే, జీతం ఇచ్చేది కాదు. అక్కడ మొహమాటమే వివేకం కావచ్చు. లేదా ఒక్కడే కాకుండా నలుగురు కలిసి చెప్పడం.

మరి ఎలా ఎంచుకోవాలి?

మొదటి ప్రశ్న పైన చెప్పేశాను: అందకపోతే ఏం పోతుంది. రెండో ప్రశ్న: నా సైగలు ఈ మనిషికి తెలుసా? మా వీధిలో పెద్దావిడకు 'చూద్దాంలేమ్మా' అంటే చాలు. అమెరికాలో ఉన్న క్లయింట్‌కు చాలదు. ఒక శుక్రవారం రాత్రి కాల్‌లో, సోమవారానికి ఇవ్వగలరా అని అడిగితే "ట్రై చేస్తాం" అన్నాను. కష్టమని చెప్పాననుకున్నాను నేను. ఒప్పుకున్నాననుకున్నాడు ఆయన. సోమవారం ఆయన పై అధికారి కూడా కాల్‌లో ఉన్నాడు. ఇప్పుడు అలాంటి చోట తేదీ చెబుతాను: "సోమవారం కుదరదు, బుధవారం ఇస్తాం." మొదట్లో గొంతు ఎండిపోయేది, అంత టెన్షన్. వాళ్ళు మాత్రం 'సరే, బుధవారం' అని రాసుకుని ముందుకెళ్ళిపోయారు. విదేశాల్లో పెరిగిన మనవళ్ళతో, మేనకోడళ్ళతో కూడా ఇంతే. 'తింటావా నాన్నా' అంటే 'వద్దు' అంటారు, అది నిజంగా వద్దే. మూడుసార్లు అడిగించుకోవడం వాళ్ళకు తెలీదు. అందుకే మనం మొహమాటానికి వద్దంటే వాళ్ళింట్లో ఆకలితో ఉండిపోవచ్చు.

మూడోది, నేరుగా చెబితే నాకు దెబ్బ తగులుతుందా అన్నది. తగిలేట్టయితే ముందు మీ కాళ్ళ కింద నేల చూసుకోండి.

ఈ మూడు ప్రశ్నలతో చాలా సందర్భాలు తేలిపోతాయి. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళకు 'తప్పకుండా వస్తాం' అనేసి వెళ్ళకపోయినా కొంప మునగదు, ఇది అందరూ ఆడే ఆట. క్యాటరింగ్ వాళ్ళు తలకు లెక్క అడుగుతున్నప్పుడు మాత్రం అది ఆట కాదు. అద్దె పెంచడం, ఆస్తి పంపకం, హామీ సంతకం, మందుల డోసు: ఇక్కడ అంకె, తేదీ లేకుండా నోరు తెరవకండి. పరామర్శకు వెళ్ళినప్పుడు తేల్చి చెప్పేదేమీ ఉండదు, పక్కన కూర్చుంటే చాలు.

దేనిలో చెబుతున్నామన్నది కూడా చూసుకోవాలి. మెత్తటి మాటలో సగం అర్థం గొంతులో ఉంటుంది, వాట్సాప్‌లో ఆ గొంతు పోతుంది. 'సరేలే' అని ఫోన్‌లో నవ్వుతూ అంటే ఒప్పుకోలు, మెసేజ్‌లో అదే అలక. నేను పాటించేది: కాదన్న మాట ఫోన్‌లో చెప్పి, తేదీలు, డబ్బు లెక్కలు వెంటనే మెసేజ్ పెడతాను. కోపం వచ్చినప్పుడు వాయిస్ నోట్ పెట్టను, అది మళ్ళీ మళ్ళీ వింటారు. ఫ్యామిలీ గ్రూపులో సన్నాయి నొక్కు నొక్కితే అసలు మనిషి తప్ప మిగతా నలభై మందీ తమనే అన్నారనుకుంటారు.

ఇంత రాసిన నేను పుట్టు మొహమాటస్తుణ్ణి. సాధన మొదలుపెట్టింది బాస్ దగ్గరో, మామగారి దగ్గరో కాదు, మా ఆఫీసు కింద టీ బండి దగ్గర. డాక్టర్ చక్కెర మానేయమన్నాక కూడా దాదాపు ఏడాది పాటు, 'చక్కెర లేకుండా' అని అడిగి, అతను మరిచిపోయి వేసి ఇస్తే, ఏమీ అనలేక తాగేశాను. ఒకరోజు నాలుగుసార్లు మనసులో అనుకుని, "అన్నా, చక్కెర లేకుండా అన్నాను, ఇంకోటి ఇవ్వవా" అన్నాను. అతను తల కూడా ఎత్తలేదు. ఆ గ్లాసు పక్కనున్న కుర్రాడికిచ్చి నాకు ఇంకోటి పోశాడు.